పిల్లికి పోసిన అర మాత్ర

గత చలికాలంలో చిత్తూరులోని మా మద్రసా వంటశాలను ఆశ్రయించుకుని ఉన్న పిల్లి రెండు రోజులు ఏమీ ముట్టక మూలన ముడుచుకు పడుకుంది. హిఫ్జ్ చదివే పదకొండేళ్ళ పిల్లవాడొకడు దాని ఒళ్ళు తాకి చూసి, జ్వరమని నిశ్చయించాడు. తన పెట్టెలోని పారాసిటమాల్ మాత్రను సగానికి విరిచి, పాలలో నూరి, నోరు తెరిపించి పోశాడు. మరునాడు ఫజ్ర్ వేళకు దాని ముఖం ఉబ్బింది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

పిల్లిని కట్టివేసి ఆకలితో చంపి శిక్షకు గురైన స్త్రీ గురించిన హదీసును ఆ వారమే వాడికి బోధించి ఉన్నాను. "హజ్రత్, నాకూ అదే శిక్షా?" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె తెలిసి చేసింది, నీవు తెలియక, జాలితో చేశావని సముదాయించాను. అయితే వాడికి తెలియజెప్పవలసిన పెద్దవాణ్ణి నేనే. నాకూ తెలియదు. పశువైద్యం చదివిన ఒక పరిచయస్తుణ్ణి ఆ తరువాత అడిగి తెలుసుకున్నాను.

మన కాలేయం ఆ మందును మార్చి బయటకు పంపివేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి బహు స్వల్పం. మిగిలిన మందు ఎర్రరక్తకణాలను చెడగొట్టగా, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. 500 మిల్లీగ్రాముల మాత్రలో సగమైనా పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు పిల్లికీ కుక్కకీ కూడా అపాయమే. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలను తిన్న రాబందులను తుడిచిపెట్టినందువల్లనే 2006లో మన దేశం పశువైద్యంలో దానిని నిషేధించింది.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీటి పాత్రను పిల్లి తాగేందుకు వంచి పట్టిన వృత్తాంతం మీరు వినే ఉంటారు. పిల్లి అశుద్ధం కాదని, అది మన చుట్టూ తిరుగాడే ప్రాణి అని దైవప్రవక్త (స) చెప్పినట్లు ఆయన తెలియజేశారు. మన చుట్టూ తిరిగేదానికి మనం ఇంట్లో పెట్టే ప్రతిదీ దారిలోనే ఉంటుంది.

ముఖ్యంగా ఎలుకల మందు. నల్లని పొడిగా అమ్మే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువుగా మారి, కొన్ని గంటలలోనే చంపుతుంది. బిళ్ళలుగా వచ్చే బ్రొమాడియోలోన్ తీరు వేరు. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రక్తస్రావం మూడు నాలుగు రోజులకు గాని బయటపడదు. ఈలోగా మందు తిన్న ఎలుక మత్తుగా తిరుగుతూ పిల్లికి సులువుగా చిక్కుతుంది. "అటక మీద పెట్టాను, పిల్లికి అందదు" అనుకోవడం అందుకే పొరపాటు. ఎలుకను చంపడానికి మన ధర్మంలో అనుమతి ఉంది. నా మటుకు బోనే మేలు. అన్నిటికన్నా ముందు, రాత్రి పాత్రలపై మూతలుంచమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని మన వంటగదులలో పాటిస్తే ఎలుకకు ఇంట్లో పనేముంటుంది?

బిర్యానీ మిగిలితే ఉల్లిపాయలతో సహా పిల్లి ముందు వేయకండి. ఉల్లి దాని రక్తకణాలను విరిచేస్తుంది. ఖుర్బానీ మేకను గన్నేరు చెట్టుకు కట్టే ఇళ్ళను మన ఊళ్ళలో చూస్తుంటాను. నాలుగు ఆకులు నమిలినా దాని గుండె ఆగిపోవచ్చు. ఆ మేకల మేత సంగతి బక్రీద్ నెలలో విడిగా రాస్తాను, ఇన్షా అల్లాహ్.

విషం తిన్నదని అనుమానం కలిగితే ఉప్పునీళ్ళు, చింతపండు రసం, నూనె పోయకండి. పాలు విషాన్ని విరుస్తాయన్నది నమ్మకం మాత్రమే. జింక్ ఫాస్ఫైడ్ తిన్న ప్రాణికి పాలైనా అన్నమైనా పెడితే కడుపులో ఆమ్లం ఊరి, వాయువు మరింత పెరుగుతుంది. అది కక్కినచోట మీరూ ఊపిరి పీల్చకండి, కిటికీలు తెరవండి. మందు పొట్లంతో సహా వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోండి. బ్రొమాడియోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు, పారాసిటమాల్‌కూ విరుగుడు ఉంది. తిన్నదేదో తెలిస్తేనే వైద్యుడు సరైనది ఇవ్వగలడు. తిరుపతి చుట్టుపక్కలవారికి 1955 నాటి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పల్లెలవారు సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు.