నలభై రెండో రోజు

కార్తీకం వచ్చిందంటే వికారాబాద్, తాండూరు వీధులలో తెల్లవారకముందే శరణుఘోష వినిపిస్తుంది. నిన్నటి వరకు పొద్దువాలగానే కల్లు దుకాణం వైపో, మద్యం దుకాణం వైపో నడిచిన పాదాలు చెప్పులు విడిచి సన్నిధానం దారి పడతాయి. ఇల్లాలు భర్తను ‘స్వామీ’ అని పిలుస్తుంది. పిల్లలు భయం లేకుండా తండ్రి పక్కన కూర్చుంటారు. నలభై ఒక్క రోజులు ఆ ఇంట దీపం వెలుగుతుంది.

యాత్ర ముగుస్తుంది, మాల తీస్తారు. మరి నలభై రెండో రోజు?

ఈ ప్రశ్నకు సమాధానం తెలిసిన ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉన్నాయి. మాల విప్పిన నాటి సాయంత్రమే సీసా పట్టినవారిని మీరూ చూసి ఉంటారు. ‘వాడికి భక్తి ఎక్కడిది?’ అని మనం తేలికగా అనేస్తాం. కానీ నలభై ఒక్క రోజులు నిగ్రహంతో నిలిచిన మనిషికి భక్తి లేదనడం న్యాయమేనా? దీక్షలో ఆయనను నిలిపింది నియమం ఒక్కటే కాదు. మాల వేసిన గురుస్వామి ఉన్నారు. సాయంత్రం భజన ఉంది. తనలాగే నియమం పాటిస్తున్న పదిమంది తోడు ఉంది. మాలతో పాటు ఆ తోడూ దూరమైంది. పాత స్నేహాలు మాత్రం వీధి మలుపులో ఎదురుచూస్తూనే ఉన్నాయి.

మహాభారతంలోని మౌసల పర్వాన్ని స్మరించండి. ద్వారకలో ఎవరూ మద్యం తయారుచేయరాదని, తప్పితే కఠిన దండన తప్పదని చాటింపు వేయించారు. అయినా ప్రభాస తీర్థానికి చేరిన యాదవులు తాగారు, మాటామాటా పెరిగి తుంగపరకలతో ఒకరినొకరు కొట్టుకుని నశించారు. సాక్షాత్తు శ్రీకృష్ణుడు నడుమ ఉండగానే ఆ ఘోరం జరిగింది. మన కాలంలోనూ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై పోరు సాగించారు. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. శాసనం దుకాణాన్ని మూయగలదు. లోపలి దాహాన్ని ఆర్పడానికి మరొకటి కావాలి.

ఆ మరొకటి ఏమిటో 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు కనుగొన్నారు. తాగుడు మానిన బిల్ విల్సన్ అనే వ్యక్తి పనిమీద ఆ ఊరు వెళ్ళి, వ్యాపారం బెడిసి, మళ్ళీ తాగాలన్న కోరికతో తల్లడిల్లాడు. తనను కాపాడుకోవడానికి ఆయన తనలాంటి మరో బాధితుణ్ణి వెతికాడు. అలా కలిసిన వైద్యుడు బాబ్ స్మిత్ కొద్ది వారాలలోనే తాగుడు మానాడు. వారి కలయిక నుంచి పుట్టినదే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’. బాధితుని మాట బాధితునికే చెవికెక్కుతుందన్నది దాని మూలసూత్రం.

ఈ సమావేశాలకు రుసుము లేదు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. అక్కడ విన్నది అక్కడే విడిచి రావాలన్నది నియమం. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఏ మతానికీ చెందినవి కావు గనుక మీ ఇష్టదైవాన్ని మీరు నిశ్చింతగా తలచుకోవచ్చు. ‘ఇంటి గుట్టు రచ్చకెక్కుతుంది’ అని సందేహించకండి. తూలుతూ నడిచిన వీధిలో ఆ గుట్టు ఎన్నడో తెలిసిపోయింది. తెలియనిది, మానగలమన్న ఆశ మాత్రమే. కుటుంబ సభ్యుల కోసం ‘అల్-అనాన్’ పేరిట ప్రత్యేక సమావేశాలున్నాయి.

ఒక జాగ్రత్త అవసరం. ఏళ్ళ తరబడి తాగినవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం కూడా రావచ్చు. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికీ ఇదే ప్రమాదం. మాల వేసుకునే ముందైనా సరే, వైద్యుణ్ణి కలవండి. 14416 నంబరుకు ఫోను చేస్తే మానసిక ఆరోగ్య సలహా, 14446కు చేస్తే వ్యసన విముక్తి సలహా ఉచితంగా లభిస్తాయి.

హైదరాబాద్‌లో ఈ సమావేశాలు జరుగుతున్నాయి. వికారాబాద్, తాండూరు రెండూ రైలు మార్గంలోనివే. శబరిమల వరకు వెళ్ళగలిగినవారికి ఈ ప్రయాణం భారమా? ఫోనులో చేరే సమావేశాలూ ఉన్నాయి. పైగా, మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కూర్చుంటే చాలు, అదే ఒక సమావేశం. గురుస్వాములకు, ఆలయ పెద్దలకు నా విన్నపం ఇది: మాల తీసే రోజున ఆ స్వామిని ‘రేపు సాయంత్రం ఎవరితో కూర్చుంటావు?’ అని అడగండి. వారానికి ఒక గంట కూర్చోవడానికి నామమాత్రపు అద్దెకు ఒక గది చూపించండి. అదీ అన్నదానమంత పుణ్యకార్యమే.

మనం పూజలో సంకల్పం చెప్పుకునేది ఆ రోజుకే. ఏ రోజు పూజకు ఆ రోజే మళ్ళీ తిథి, వారం చెప్పుకుంటాం. ఈ సమావేశాలలోనూ ‘జీవితాంతం మానేస్తాను’ అనమని అడగరు. ఈ ఒక్క రోజు తాగను అంటే చాలు. అనంతగిరిపై సన్నని పాయగా పుట్టిన మూసీ, దారిలో నీరు తోడయ్యేకొద్దీ నది అయింది. అనంత పద్మనాభస్వామి కరుణతో మీ ఇంటి నలభై రెండో రోజు కూడా ఒక తోడుతో మొదలగుగాక!