గాలం ఎవరి నోట్లో పడింది?

చేపల వేటతో హేతువాదులకేం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. తాయెత్తు మహిమ గురించి సాక్ష్యం చెప్పే భక్తుణ్ణి మనం ఏమని నిలదీస్తాం? "కట్టుకోనివాడికి ఏం జరిగిందో చూశావా?" అని కదా. ఆ ప్రశ్న నాకు నేను వేసుకోకుండా నాలుగేళ్లు గడిపాను. లక్షా ఇరవై వేలు పోసి ఒక విదేశీ ఫ్లై రాడ్ కొన్నాను. అది అద్భుతమని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నా మాట విని మా పాత ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు అప్పు చేసి అలాంటిదే కొన్నాడు. వాయిదాలు ఇంకా సగం ఉండగానే ఇంట్లో ఇబ్బందులొచ్చి, దాన్ని సగం ధరకు అమ్ముకున్నాడు. నేను నొచ్చుకుంటే అతనన్న మాట ఇది: "మీరు చెప్పారనే కొన్నాను సార్. మీరు ఊరికే దేన్నీ నమ్మరు కదా!"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. దేన్నీ ఊరికే నమ్మడనే పేరును నేను ఒక కంపెనీ ప్రచారానికి ఉచితంగా అద్దెకిచ్చాను. ఈ వ్యాసం దానికి దిద్దుబాటు.

ముందు విషయం తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. మామూలు గాలంలో బరువు కొసన ఉంటుంది, సీసం గుండో ఎరో. దాన్ని విసిరితే దారం దాని వెనకే పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొసన ఉండేది కొక్కానికి ఈకలూ దారమూ చుట్టి పురుగులాగానో చిన్న చేపలాగానో కట్టిన 'ఫ్లై'. దానికి చెప్పుకోదగ్గ బరువుండదు. అంచేత బరువంతా లావుపాటి లైనులోనే పెడతారు. రాడ్ విసిరేది లైనును. ఫ్లై దాని తోకలాంటిది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం ప్రచారం దానంతటదే కూలిపోతుంది.

మన దేశానికి ఈ ఆట ఇంగ్లీషువాళ్లతో వచ్చింది. 1900లో కాశ్మీరుకు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు తెప్పించారు. 1909లో కులూ లోయలో మహిలి దగ్గర ట్రౌట్ పిల్లల కేంద్రం పెట్టారు. ఇవాళ హిమాచల్‌లో తీర్థన్ లాంటి చల్లని ఏళ్లలో ఫిషరీస్ శాఖ లైసెన్సు తీసుకుని ఎవరైనా వేటాడవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం కనక నిషేధం. ఇక ఉప్పునీళ్లకొస్తే అండమాన్ సముద్రంలో ట్రెవలీలున్నాయి. మన గోదావరి, కృష్ణ ముఖద్వారాల్లో పండుగప్ప ఉంది. దాన్నే బారమండి పేరుతో ఆస్ట్రేలియాలో ఫ్లైతో పట్టడం గొప్ప ఆటగా చెప్పుకుంటారు. అంటే ఈ సరదాకు ఇక్కడ చోటుంది, నీళ్లున్నాయి, చేపలున్నాయి. అడ్డుపడుతున్నదల్లా ఒక నమ్మకం: ఖరీదైన సామాను లేకపోతే ఇది చెయ్యలేమనే నమ్మకం.

ఈ నమ్మకానికి మతానికుండే లక్షణాలన్నీ ఉన్నాయి. గురువులున్నారు, వాళ్లకు రాడ్లు ఉచితంగా వస్తాయి. సాక్ష్యాలున్నాయి, 'కొన్న మర్నాడే పెద్ద చేప పడింది' అని. అర్థం తెలియని మంత్రాలున్నాయి, 'నానో రెసిన్', 'హై మాడ్యులస్' అని. చేప పడితే రాడ్ మహిమ. పడకపోతే విసిరినవాడి లోపం. ఏ ఫలితం వచ్చినా దేవుడు గెలిచే ఆట మనకు తెలిసిందే కదా.

సరే, కొలవగలిగేది ఏముందో చూద్దాం. లైనుకు ఒక ప్రమాణం ఉంది. 1961లో అమెరికా సామాను తయారీదారుల సంఘం నిర్ణయించింది. కొసన ఉండే సన్నని ముక్క వదిలేసి మొదటి 30 అడుగుల బరువును బట్టి లైనుకు నంబరిస్తారు. 5వ నంబరు లైను 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9.1 గ్రాములు. తులం బంగారం కన్నా కాస్త తక్కువ. 8వ నంబరు 210 గ్రెయిన్లు, 13.6 గ్రాములు. మొదటిదానికి 6 గ్రెయిన్లు, రెండోదానికి 8 గ్రెయిన్లు అటూఇటూ తేడాకు ఒప్పుకుంటారు. నగల దుకాణంలో వాడే చిన్న డిజిటల్ త్రాసు ఉంటే ఇంట్లోనే తూచుకోవచ్చు. నేను తూచాను. నా ఖరీదైన రాడ్‌తో పాటు అంటగట్టిన '5వ నంబరు' లైను నిజానికి 6వ నంబరు బరువు తూగింది! ఇదేమీ నాకొక్కడికే జరిగిన మోసం కాదు. ఇవాళ చాలా లైన్లను చీటీ మీద ఉన్న నంబరు కన్నా అరనంబరో ఒక నంబరో బరువుగానే చేస్తున్నారు. కారణం? రాడ్లు మరీ బిర్రుగా తయారయ్యాయి. సరైన బరువున్న లైనుకు అవి వంగవు.

మరి రాడ్ మీద ముద్రించిన 5, 8 అంకెలేమిటి? తయారీదారు అభిప్రాయం. అంతకు మించి ఏమీ కాదు. లైనుకున్నట్టు రాడ్‌కు అందరూ పాటించే కొలత లేదు. ఈ లోపం చూసి హానెమన్ అనే అమెరికన్ 2000ల మొదట్లో ఒక తేలిక పద్ధతి చెప్పాడు. రాడ్‌ను అడ్డంగా బిగించి కొసకు చిన్న సంచి తగిలించి, ఒక్కొక్క సెంటు నాణెం వేస్తూ పోవాలి. రాడ్ పొడవులో మూడోవంతు మేర కొస కిందికి దిగేటప్పటికి ఎన్ని నాణేలు పట్టాయో అదే రాడ్ బలం. 9 అడుగుల రాడ్ అయితే 3 అడుగులు దిగాలి. చిల్లర నాణేలతో తేలిపోయే ఈ కొలతను పెద్ద కంపెనీలు తమ అట్టపెట్టెల మీద ఎందుకు వెయ్యవు? నంబరు వేస్తే పోల్చవచ్చు. పోల్చితే ధర అడుగుతారు. విభూతికి రసాయన పరీక్ష వద్దన్న బాబాల తర్కమే ఇదీ.

"కొలతలు పక్కన పెట్టండి. చేతికి తెలుస్తుంది, అనుభవజ్ఞులకు తెలుస్తుంది" అంటారు. చేతికి తెలిసేదాన్ని కూడా పరీక్షించవచ్చు. స్ట్రాడివేరియస్ వయొలిన్లకు సాటి లేదని మూడువందల ఏళ్లుగా విద్వాంసులు చెబుతున్న మాట. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలినిస్టులకు వాయిద్యం కనపడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టి, పాతవీ కొత్తవీ కలిపి ఇచ్చారు. ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చుకున్నారు. అందరికన్నా తక్కువమంది ఎంచుకున్నది ఒక స్ట్రాడివేరియస్‌ను. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. జీవితమంతా వాయించిన చేతులే ఇలా మోసపోతే ఏడాదికి ఆరు రోజులు ఏటికి పోయే నా చేయి ఏపాటిది?

అందుకని మా కాలనీ మైదానంలో అదే పరీక్ష పెట్టుకున్నాం. నా రాడ్ ఒకటి, మిత్రుడి దగ్గరున్న చవక రాడ్ ఒకటి. రెండిటికీ ఒకే రీలు, ఒకే లైను. నా కళ్లకు గంతలు. మూడుసార్లు చేతికిచ్చి ఏది ఏదో చెప్పమన్నారు. రెండుసార్లు తప్పు చెప్పాను. ఒకడి మీద మూడుసార్లు చేసింది శాస్త్రం కాదని నాకు తెలుసు. కాని "పట్టుకోగానే తెలిసిపోతుంది" అని ఊరంతా చాటినవాడిని నేనే. ఆ గొప్ప కూలడానికి అది చాలు. అద్భుతాలు చేసేవాళ్లకు కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరి పెట్టిన షరతు ఇదే కదా: మోసానికి వీల్లేని చోట చేసి చూపించమని!

డిఫెన్స్ అకౌంట్స్‌లో మాకు మొదటి రోజుల్లోనే నేర్పిన పాఠం ఒకటుంది. ముందు పని ఏమిటో రాసుకో. దానికి కావలసిన స్పెసిఫికేషన్ రాసుకో. ఆ తర్వాతే ధరల కవరు విప్పు. స్పెసిఫికేషన్‌కు సరిపడిన వాటిలో తక్కువ ధరకు వచ్చేది తీసుకో. ధర ముందు చూసినవాడు స్పెసిఫికేషన్‌ను ధరకు తగ్గట్టు వంచుకుంటాడు. వేలకోట్ల కొనుగోళ్లకు పనికొచ్చే పద్ధతి ఒక గాలం కర్రకు పనికిరాదా?

మంచినీళ్లలో ట్రౌట్ పని చూడండి. కొండ ఏరులో చేపకూ మనిషికీ మధ్య దూరం చాలాసార్లు 30, 40 అడుగులే. "90 అడుగులు విసిరే రాడ్" అనే ప్రకటన ఆ పనికి సంబంధం లేనిది. 9 అడుగుల పొడవు, 5వ నంబరు, నాలుగు ముక్కలుగా విడిపోయేది చాలు. రీలు అక్కడ దాదాపుగా లైను చుట్టి దాచుకునే డబ్బా. దాని మీద పది వేలు తగలెయ్యడం దండగ. లైను మాత్రం మంచిది కొనండి, విసిరేది దాన్నే కనక.

ఉప్పునీళ్లలో లెక్క మారుతుంది. 9 అడుగుల 8వ నంబరు రాడ్ పండుగప్పకూ మోస్తరు సముద్రపు చేపలకూ సరిపోతుంది. అదే రాడ్ ఉత్తరాది నదుల్లో మహసీర్‌కూ పనికొస్తుంది. కనక రెండో రాడ్ ఇదే కావాలి. ఇక్కడ రీలు మీద డబ్బు పెట్టక తప్పదు. సముద్రపు చేప ఒక్క పరుగులో లైనంతా లాగేసి వెనకున్న బ్యాకింగ్‌ను కూడా లాగుతుంది. 150, 200 గజాల బ్యాకింగ్ పట్టాలి. బ్రేకు సాఫీగా పనిచెయ్యాలి, లోపలికి ఉప్పునీరు దిగకుండా మూసి ఉండాలి. లోహం ఆనొడైజ్ చేసిన అల్యూమినియం కావాలి. వచ్చిన ప్రతి సాయంత్రం మంచినీళ్లతో కడగాలి. చల్లని ఏళ్లకు చేసిన లైను మన ఎండకు మెత్తబడి వేలాడుతుంది. ఉష్ణమండలం కోసం బిర్రు దారం మీద చేసినది వేరే ఉంటుంది. అది చల్లని నీళ్లలో స్ప్రింగులా చుట్టుకుపోతుంది. కాబట్టి రెండు చోట్లకూ రెండు లైన్లు కావాలి. "అన్నిటికీ ఒకటే" అని అమ్మేవాణ్ణి నమ్మకండి. పెద్ద ట్రెవలీకి 12వ నంబరు కావాలి. అదైతే అండమాన్ పోయినప్పుడు అద్దెకు దొరుకుతుందేమో ముందు కనుక్కోండి. అంటే చవకైనదల్లా మంచిదని నేననడం లేదు. అదీ ఒక మూఢనమ్మకమే. తుప్పు పట్టే కొక్కెం, జారిపోయే బ్రేకు చవక కాదు, దండగ.

పోలరైజ్డ్ కళ్లద్దాలు కూడా కావాలి. నీటి మీది మెరుపు పోయి చేప కనిపిస్తుంది, ఎగిరొచ్చే కొక్కెం నుంచి కన్ను దక్కుతుంది. నిజమైనవో కావో తేల్చడానికి రెండు జతలు ఒకదాని ముందొకటి పెట్టి ఒకదాన్ని అడ్డంగా తిప్పండి. చీకటి కమ్మితే అసలువే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఇక మహిమల జాబితాలో మరి రెండు. ఒకటి, నీళ్లలో 'కనిపించని' ఫ్లోరోకార్బన్ దారం. కనపడకుండా పోవాలంటే దాని వక్రీభవన గుణకం నీటితో సమానం కావాలి. నీటిది 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42. నైలాన్ కన్నా దగ్గరే, కాని సమానం కాదు. అది త్వరగా మునుగుతుంది, రాళ్ల ఒరిపిడికి తట్టుకుంటుంది. ఆ గుణాలు కావాలంటే కొనండి. అదృశ్యం కోసం కొనకండి.

రెండోది, చేపలు ఎరకు వచ్చే 'మంచివేళ' చూపించే వాచీలు, ఫోను యాప్‌లు. జాన్ ఆల్డెన్ నైట్ అనే అమెరికన్ 1926లో చెప్పిన 'సోలూనార్' సిద్ధాంతం వీటికి మూలం. చంద్రుడు నడినెత్తికొచ్చినా పాదాల కిందికొచ్చినా పెద్ద ఘడియ. ఉదయించినా అస్తమించినా చిన్న ఘడియ. అన్నీ కలిపితే సాధారణంగా రోజులో ఆరు గంటలు మంచివేళే! వర్జ్యం చూసి బయల్దేరేవాణ్ణి నవ్వే ఇంగ్లీషు చదువుల బాబులు ఈ వాచీ కట్టుకుని ఏటికి పోతున్నారు. సముద్రంలో ఆటుపోట్లు నిజం, చేపలు వాటితో కదులుతాయి. వాటికి సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసే పట్టికలున్నాయి. కొండ ఏటికి ఆటుపోట్లెక్కడివి?

చివరగా మూడు అభ్యంతరాలు.

"జీవితకాల వారంటీ ఉంది కదా." అది ఉచితం కాదు. ముందే వసూలు చేసిన బీమా ప్రీమియం. పైగా విరిగినప్పుడు రుసుము, కొరియరు ఖర్చు మీవే.

"పదేళ్లు వస్తుంది కదా." ఏడాదికి ఆరు రోజుల చొప్పున పదేళ్లకు 60 రోజులు. నా రాడ్ ఒక్కదానికే రోజుకు 2,000 రూపాయలు. రాడ్, రీలు, లైను కలిసిన మోస్తరు ట్రౌట్ సెట్ 20 వేలనుకుంటే రోజుకు 333. ఆ తేడాతో ఎన్నిసార్లు హిమాచల్ పోయిరావచ్చో లెక్కవేసుకోండి. విసరడం నేర్పేది రాడ్ కాదు, ఏటి దగ్గర గడిపే రోజులు.

"నా డబ్బు నా ఇష్టం." ఒప్పుకుంటాను. అందంగా ఉందని కొనండి, చేతిలో తేలిగ్గా ఉందని కొనండి, తప్పులేదు. కాని చేపలు పడతాయని పక్కవాడికి సాక్ష్యం చెప్పకండి. మీ సాక్ష్యానికి వాయిదాలు కట్టేది అతను.

ఆ కుర్రాణ్ణి పిలిచి నా లెక్కలూ పరీక్షా చూపించాను. తప్పు నాదేనన్నాను. అతను పెద్దగా మాట్లాడలేదు. "ముందే తూచి ఉంటే బాగుండేది సార్" అన్నాడు. అవును, త్రాసు నా దగ్గర మొదటినుంచీ ఉంది.

ఆ రాడ్ గురించి నేను ఎవరెవరికి ఏం చెప్పానో అదంతా ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. నా దగ్గర విని ఇంకా కొననివాళ్లుంటే ముందు మా మైదానానికి రండి. రెండు రాడ్లూ, కళ్లకు గంతలూ సిద్ధంగా ఉన్నాయి.