విమానముల లెక్కలు, ప్రయాణికుల క్షేమము

ఖమ్మము నుండి వచ్చు బాట తల్లాడ కడ రెండుగా చీలుచున్నది. ఒకటి సత్తుపల్లి మీదుగా గోదావరీ తీరమునకును, రెండవది కొత్తగూడెము మీదుగా భద్రాద్రి అడవులకును పోవును. ఇచట విమానాశ్రయము లేదు. అయినను విమానయాన క్షేమము తల్లాడకు పట్టని విషయమని ఎవ్వరును తలంపరాదు. చదువునకై అమెరికాకును, కూలికై గల్ఫు దేశములకును పోవు బిడ్డలు ఈ సీమ నుండియు శంషాబాదు చేరి విమానమెక్కుచున్నారు. వారు క్షేమముగా దిగిరన్న వార్త అందువరకు కన్నవారికి కునుకు పట్టదు.

విమానమందలి నల్లపెట్టెను గూర్చి ప్రమాదము జరిగిన నాడే మనము వినుచున్నాము. 1953 మే 2వ తేదీన కలకత్తా నుండి ఎగిరిన కామెట్ జెట్టు విమానము గాలివానలో కూలి 43 మంది మృతినొందిరి. ఆ జాతి విమానముల వరుస ప్రమాదముల విచారణలో పాల్గొన్న ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్, యంత్రముల కొలతలను, చాలకుల మాటలను నిలిపియుంచు పెట్టెను కల్పించెను. అది మృతుల సాక్ష్యము. అంతకంటె విలువైనది, క్షేమముగా దిగిన విమానముల దినచర్య. వేగము, ఎత్తు, దిగుడు తీరు, ఇంజనుల వేడి, ఇంధనపు ఖర్చు మున్నగు వందలాది కొలతలు ప్రతి ప్రయాణమునను నమోదగుచున్నవి. విమాన సంస్థలు వానిని కంప్యూటర్లతో పరీక్షించి, హద్దు మీరిన వానిని ఏరుచున్నవి. వైరా జలాశయపు నీటిమట్టమును దినదినము చూచుట, కట్ట తెగిన పిమ్మట కారణము వ్రాయుటకు గాదు, తెగకుండ కాచుకొనుటకే గదా!

ఈ కాపు ఎంత అవసరమో రెండు దుర్ఘటనలు చెప్పుచున్నవి. 2010 మే 22న దుబాయి నుండి మంగుళూరునకు వచ్చిన విమానము, రన్‌వే మొదటి నుండి సుమారు 5,200 అడుగులు దాటిన పిమ్మట నేల తాకి, లోయలో పడి 158 మందిని బలిగొనెను. మరల పైకెగురుడని సహచాలకుడు మూడుమారులు హెచ్చరించెనని విచారణలో తేలినది. పది సంవత్సరములకు, 2020 ఆగస్టు 7న, దుబాయి నుండియే వచ్చిన మరియొక విమానము కోళికోడున అట్లే ఆలస్యముగా నేల తాకి, రన్‌వే దాటి పడగా 21 మంది మరణించిరి. రెండును కొండమీది విమానాశ్రయములే. దూరముగా దిగుట ఒక్కనాడు జరిగిన పొరపాటు కావచ్చును. అదే చోట పలువురు అట్లు దిగుచున్నారని లెక్కలు చెప్పినచో, దిద్దవలసినది మనిషిని మాత్రమే కాదు, పద్ధతిని కూడ.

ఈ లెక్కలవలన పొదుపును కలదు. ఇంజను వేడి క్రమముగా పెరుగుట గమనించి, అది చెడకమునుపే బాగుచేయవచ్చును. నేలమీద ఒక్క ఇంజనుతో నడచుట, దిగునపుడు రెక్కల మడతలను తక్కువగా దించుట ఇంధనమును మిగుల్చును. అయితే మడత తగ్గిన కొలది దిగువేగము హెచ్చును, ఆగుటకు దూరము పెరుగును. తడిసిన పొట్టి రన్‌వేపై ఆ పొదుపు ప్రాణాంతకము. కావున లెక్క ఒక్కటే అయినను, క్షేమము చూచువాడు ముందు, ఖర్చు చూచువాడు వెనుక ఉండవలయును.

27,000 కిలోలకు మించిన విమానములు నడుపు సంస్థలు ఇట్టి పరీక్ష జరుపవలెనన్న అంతర్జాతీయ నియమము 2005 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. ఈ పరీక్ష శిక్షించుటకు గాదనియు ఆ నియమమే చెప్పుచున్నది. ఇదియే కీలకము. దండనకు వెరచినవాడు తప్పును దాచును. దాచిన తప్పు మరియొకనిచే మరల జరుగును.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో 260 మంది ప్రాణములు పోయినవి. ఆ విమానపు ముందరి పెట్టెను మనవారు ఢిల్లీ ప్రయోగశాలలోనే చదివిరి. ఈ స్వావలంబనకు మేము హర్షించుచున్నాము. రెండు ఇంజనుల ఇంధనపు మీటలు సెకను వ్యవధిలో ఒకదాని వెంట నొకటి ఆగిపోవు స్థానమునకు మారెనని జూలై 12నాటి ప్రాథమిక నివేదిక తెలిపెను. ఎట్లు మారెనో అది నిర్ణయింపలేదు. అయినను పలువురు మృతులైన చాలకులపై తీర్పు చెప్పివేసిరి. బదులు చెప్పలేని వారిపై నింద మోపుట న్యాయమును గాదు, విజ్ఞానమును గాదు.

మేము కోరునవి మూడు. నిజాయితీతో చేసిన పొరపాటునకు శిక్ష వలదు. బుద్ధిపూర్వకపు ఉల్లంఘనకు మన్నన వలదు. ఒక సంస్థ లెక్కలలో కనబడిన అపాయమును, చాలకుల పేర్లు తొలగించి, తక్కిన సంస్థలన్నిటికి తెలుపవలయును. ఏయే లోపములు కనబడెనో, ఏవేవి దిద్దబడెనో ప్రభుత్వము ఏటేట ప్రజల ముందుంచవలయును. టిక్కెట్టు సొమ్ము చెల్లించు కూలివానికి ఆ మాత్రపు లెక్క అడుగు హక్కు కలదు.