ఆవ చివర్లోనే కలపాలి

రాసిపెట్టింది చూసుకుంటూ కూర వండటం నాకు మొదటినుంచీ ఇష్టం లేని పని. వరంగల్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో కొలత అంటే అమ్మ పిడికిలే. వంకాయ కూరలో నువ్వుల పొడి ఎప్పుడు చల్లాలో, పచ్చిపులుసులో చింతపండు ఎంత పిసకాలో నాకెవరూ కాగితం మీద రాసివ్వలేదు. పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. చెంచాల లెక్క చెబితే నా చెయ్యి ఇప్పటికీ ఒప్పుకోదు. అయినా ఈమధ్య ఒక కూరను చెప్పింది చెప్పినట్టు, ఒక్క దినుసు మార్చకుండా వండాను. మనది కాని ప్రాంతపు కూర మొదటిసారి వండేటప్పుడు మన చేతివాటాన్ని పక్కన పెట్టి తీరాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఆ కూర, అరటికాయ ఆవపెట్టిన కూర. మా వియ్యపురాలిది అమలాపురం దగ్గర పల్లె. వస్తూ వస్తూ సంచీ నిండా బొంత అరటికాయలు తెచ్చారు, వెళ్లేముందు వండే వరస రాసిపెట్టారు. తర్వాత ఫోన్ చేసి మరీ చెప్పారు: “వదినగారూ, ఇందులో ఉల్లీ వెల్లుల్లీ ఏమీ వద్దండీ. ఆవ మాత్రం స్టవ్ కట్టేశాకే కలపండి.”

చేతికి నూనె రాసుకుని తొక్క తీయాలి, లేకపోతే జిగురు ఒక పట్టాన వదలదు. కోసిన ముక్కల్ని వెంటనే మజ్జిగ కలిపిన నీళ్లలో వేయాలి. గాలి తగిలితే కాయలోని ఎంజైమ్ పనిచేసి ముక్క నల్లబడుతుంది. నీళ్లలో ఉంటే గాలి అందదు, మజ్జిగ పులుపుకి ఎంజైమ్ జోరు కూడా తగ్గుతుంది. ఇంతవరకూ నాకు ఇబ్బంది లేదు. ఆ తర్వాత పసుపు, ఉప్పు, కాస్త చింతపండు రసం వేసిన నీళ్లలో ముక్కలు ఉడికించమని ఉంది. అక్కడ ఆగిపోయాను. సొరకాయ పులుసుకైనా బెండకాయ పులుసుకైనా ముక్క మెత్తబడ్డాకే మేం చింతపండు రసం పోస్తాం. ముందే పోస్తే ముక్క ఉడకదని అమ్మ చెప్పిన మాట. ఇక్కడేమో మొదట్లోనే పోయమంటున్నారు. ఆలోచిస్తే రెండింటికీ కారణం ఒకటే. పులుపు నీళ్లలో కూరగాయ తొందరగా మెత్తబడదు. పులుసులో సొరకాయ మెత్తగా కావాలి కాబట్టి పులుపు తర్వాత పోస్తాం. ఈ కూరలో అరటికాయ ఉడికి కూడా చితకకుండా నిలవాలి కాబట్టి వాళ్లు ముందే పోస్తారు.

నీళ్లు వార్చి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి ముక్కలు అందులో వేశాను. ఇక ఆవ. చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, చన్నీళ్లు చిలకరించి నూరాలి. ఇన్నేళ్లుగా ఆవాలంటే నాకు పోపులో చిటపటలాడేవే. వాటి అసలు ఘాటు నూరితేనే పుడుతుంది. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరొకచోట ఉంటాయి. నలిగి తడి తగిలినప్పుడు రెండూ కలుస్తాయి, అప్పుడు ముక్కుకెక్కే ఘాటు వస్తుంది. కాగిన నూనెలో ఆ ఎంజైమ్ పాడైపోతుంది, అందుకే పోపులో ఆవాలు కమ్మగా వాసనేస్తాయి తప్ప ఘాటెక్కవు. నూరిన ముద్దనైనా పొయ్యి మీద ఉడికిస్తే ఘాటు ఆవిరితో పోతుంది, చేదు మిగులుతుందని మా వియ్యపురాలు అంటారు. స్టవ్ కట్టేశాకే కలపమనడం అందుకే. అలాగే కలిపి కాసేపు మూత పెట్టి ఉంచాను. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే, మొదటి ముద్దకే అరటికాయ చప్పదనం మీద ఆవ ఘాటు ఎంత అందంగా కూర్చుందో తెలిసింది.

వండుతున్నంతసేపూ నా చెయ్యి అల్లం వెల్లుల్లి ముద్ద మీదికీ, నువ్వుల పొడి డబ్బా మీదికీ పోతూనే ఉంది. వేసి ఉంటే కూర బాగానే ఉండేదేమో, అందరూ తినేవాళ్లేమో. కానీ అది కోనసీమ కూర అయ్యేది కాదు. నన్ను బాధపెట్టే విషయం ఇదే. కర్రీ పాయింట్‌కి వెళ్లినా పెళ్లి భోజనానికి వెళ్లినా టమాటా, అల్లం వెల్లుల్లి, గరం మసాలా కలిపిన ఒకే గ్రేవీలో ఒకరోజు దొండకాయ, ఒకరోజు క్యాబేజీ వేస్తున్నారు. కూరగాయ పేరు మారుతోంది, రుచి మారడం లేదు. మా వైపు వంటకాలకూ ఇదే గతి పడుతోంది. పచ్చిపులుసును పొయ్యి మీద మరిగించి వడ్డించినవాళ్లను చూశాను. మరిగిస్తే అది మామూలు పులుసు అవుతుంది, పచ్చిపులుసు అవ్వదు. ఎవరి కూర వండుతున్నామో వాళ్ల మాట ఒక్కసారైనా పూర్తిగా వినడం వంటింట్లో మనం చూపించగల మర్యాద.

అయితే వినమని అడిగేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. ఫోన్లో చూసే వంటల వీడియోలు దినుసులు చెబుతాయి, మంట పెంచమంటాయి, తగ్గించమంటాయి. ఎందుకో చెప్పేవి తక్కువ. ఆ ఎందుకన్నది ఇంట్లో పెద్దవాళ్లు పక్కనుండి చెప్పేవారు. ఇప్పుడు పిల్లలు ఒక ఊళ్లో, పెద్దలు ఒక ఊళ్లో. కారణం తెలియని నియమాన్ని రెండోసారికే వదిలేస్తారు, వదిలేసినా తప్పుపట్టలేం.

కాబట్టి మీది కాని జిల్లా కూర ఒకటి ఎంచుకుని, వాళ్లు చెప్పిన వరసలోనే ఒకసారి వండి చూడండి. రెండోసారి మీ ఇష్టం. మీ ఇంటి కూర ఎవరికైనా రాసిచ్చేటప్పుడు మాత్రం, ఏది ఎప్పుడు వేయాలో రాసి ఊరుకోకండి. ముందే వేస్తే ఏమవుతుందో కూడా ఒక ముక్క రాయండి.