రెండో డిగ్రీ ఎవరిది?

పోయిన వేసవిలో మా అక్క కూతురు మానుకోట నుంచి ఫోన్ చేసింది. ఇంటర్ అయిపోయింది, ర్యాంకు వచ్చింది, ఇంట్లో కౌన్సెలింగ్ హడావుడి నడుస్తోంది. "మామా, ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చంట గదా. బీటెక్ చేస్కుంటనే బొమ్మల డిగ్రీ గూడ చేస్త" అంది. వెనక నుంచి మా అక్క గొంతు: "నువ్వన్న జెప్పు తమ్మీ దీనికి."

నేను చెప్పాను. ముందు సీఎస్‌ఈలో చేరు బిడ్డా, బొమ్మలు ఎక్కడికీ పోవు, ఉద్యోగం వచ్చాక నేర్చుకోవచ్చు అన్నాను. "నువ్వు నేర్చుకున్నవా మామా?" అని అడిగింది. నేను నవ్వేసి ఫోన్ అక్కకి ఇవ్వమన్నాను.

ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. పగలు కోడ్ రాసి రాత్రి పుస్తకాల మీద వ్యాసాలు రాసే మనిషిని నేను. నా చేతిలో ఉన్నది ఒక్కటే పట్టా, అది ఇంజినీరింగ్‌ది. సాహిత్యం నాకు సెలవు రోజు వ్యవహారం. ఈ ఏర్పాటు నాకు బాగానే ఉంది. మా కోడలికి కూడా ఇదే అంటగట్టాను. ఇలాంటి వ్యాసాలు చదివే మనలో సగం మందిమి ఇలాగే బతుకుతున్నాం కాబట్టి, ఈ మాట మనలో మనమే అనుకోవాలి.

ముందు ఆ అమ్మాయి చెప్పింది నిజమేనా? నిజమే. 2022 ఏప్రిల్‌లో యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక విద్యార్థి ఏకకాలంలో రెండు పూర్తికాలపు డిగ్రీలు చేయవచ్చు. క్లాసుల వేళలు ఒకదానితో ఒకటి తగలకపోతే రెండూ కాలేజీకి వెళ్లే చదువవచ్చు. లేదా ఒకటి కాలేజీలో, ఇంకోటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో. పీహెచ్‌డీకి మాత్రం ఇది వర్తించదు. ప్రకటించిన అప్పటి చైర్మన్ మామిడాల జగదీశ్ కుమార్ మన నల్గొండ వైపు మనిషే. కాగితం మీద మంచి రూలే. ఇంజినీరింగ్ చేస్తూ నాటకం, శిల్పం, సినిమా చదువుకునే తరం వస్తుందని అప్పట్లో నేనూ సంబరపడ్డాను.

ఇప్పుడు మానుకోట నుంచి చూడండి. బొమ్మల డిగ్రీ అంటే ముందుగా గుర్తొచ్చేది హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. నాటకం, సంగీతం అంటే తెలుగు విశ్వవిద్యాలయం, అదీ హైదరాబాదే. మానుకోట నుంచి రైల్లో మూడు గంటలకు పైనే. భూపాలపల్లికి రైలే లేదు. వేళలు తగలకూడదు అని రూలు రాసినవాళ్లు రెండు కాలేజీలూ ఒకే ఊళ్లో ఉంటాయని అనుకుని రాశారు. ఆ ఊరు హైదరాబాదే అయ్యుండాలి.

మరి ఈ రూలు ఎవరికి పనికొస్తోంది? నా టీములోకి వచ్చే కొత్త పిల్లల్ని చూస్తున్నాను. బీటెక్ సీఎస్‌ఈ, దానికి తోడు ఆన్‌లైన్లో డేటా సైన్స్ డిగ్రీ. ఐఐటీ మద్రాస్ అలాంటిది 2021లోనే మొదలుపెట్టింది, మంచి కోర్సే, పిల్లల తప్పేం లేదు. కానీ రెండు పట్టాల్లోనూ ఉన్నది ఒకటే చదువు. ఇంకోవైపు నుంచి చదువుకొమ్మని తెరిచిన తలుపును, ఉన్న గదినే కొంచెం పెద్దది చేసుకోడానికి వాడుకున్నాం.

అసలు రెండు చదువులు చదివినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. నేను వాళ్ల మధ్యే పెరిగాను.

మాది జనగామ. హైదరాబాద్ వైపు వెళ్తుంటే ఊరు దాటగానే హైవే మీద పెంబర్తి వస్తుంది. లక్క దిమ్మ మీద ఇత్తడి రేకు పరిచి, వెనక నుంచి కొట్టి ముందు వైపు బొమ్మ లేపే పని అక్కడిది. గుడి తలుపుల తొడుగులు, ధ్వజస్తంభాల తొడుగులు, మన ఆఫీసుల్లో వీడ్కోలు సభకి ఇచ్చే మెమెంటోలు. ఆ చేతిపనికి జీఐ గుర్తింపు కూడా ఉంది.

ఇంజినీరింగ్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు ఆ ఊరి వాడు. మొదటి ఏడాది వర్క్‌షాప్ ల్యాబ్‌లో మా అందరికీ రేకుతో ట్రే చేసే ఎక్స్‌పరిమెంట్ ఉండేది. ఇంజినీరింగ్ చదివిన వాళ్లకి గుర్తుండే ఉంటుంది. మూలలు కలవక, వేళ్లు కోసుకుని, మేం పూటంతా తంటాలు పడ్డాం. వాడు పావుగంటలో ట్రే చేసి పక్కన పెట్టి, మిగిలిపోయిన ముక్క మీద మేకుతో ఒక నెమలిని లేపాడు. మేమంతా మూగి చూశాం. ల్యాబ్ సార్ కూడా చూశాడు. మార్కులు వచ్చినప్పుడు వాడికి మాకంటే తక్కువ, ఎందుకంటే రికార్డు బుక్ రాయలేదు.

ఆ సార్ చెడ్డవాడని నేననను. ఆయన దగ్గరున్న పట్టికలో నెమలికి గడి లేదు, అంతే. వాడు తర్వాత బ్యాక్‌లాగులు తీర్చుకుంటూ డిగ్రీ ముగించాడు, నగరంలో కొన్నాళ్లు సపోర్టు ఉద్యోగం చేశాడు, ఇప్పుడు ఊళ్లో తండ్రి దుకాణం చూస్తున్నాడు. రెజ్యూమేలో వాడు తన పనిని హాబీస్ కింద రాసుకునేవాడు. పదేళ్ల వయసు నుంచి నేర్చుకున్న విద్య హాబీ, నాలుగేళ్లు విసుక్కుంటూ చదివింది క్వాలిఫికేషన్.

మా కోడలి సంగతీ అంతే. దానికి గీతలు ఎక్కడ పట్టుబడ్డాయో తర్వాత తెలిసింది. దాని స్నేహితురాలిది మానుకోట దగ్గర తండా. ఆ పిల్ల అమ్మమ్మ అద్దాలు, గవ్వలు పెట్టి కాంచళి కుడుతుంది. కుట్టులో వచ్చే ముగ్గుల్ని ఇది నోటుబుక్కులో లెక్కపెట్టుకుంటూ గీసేది. ఏ రంగు పక్కన ఏది రావాలి, ఏ అంచుకి ఏ కుట్టు అన్నదంతా ఆ ముసలామెకు నోటికి తెలుసు. ఫ్యాషన్ డిజైన్ కాలేజీలో ఇలాంటిదే చెప్పడానికి లక్షల్లో ఫీజు. ఆమెకు మాత్రం ప్రభుత్వ లెక్కల్లో చదువు లేదు.

భూపాలపల్లిలో ఒక పెళ్లిలో ఇంకో కుర్రాడు కలిశాడు. మైనింగ్ డిప్లొమా, సింగరేణిలో కాంట్రాక్టు పని. షిఫ్టు దిగాక యూట్యూబ్ జానపద పాటలకు కెమెరా, ఎడిటింగ్ చేస్తాడు. పాటకి ఇంత అని మాట్లాడుకుంటాడు. ఎండ ఏ వేళకి పొలం గట్టు మీద ఎలా పడుతుందో, డప్పు దెబ్బకి కట్ ఎక్కడ పడాలో గంటసేపు చెప్పాడు. హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి అప్లై చేస్తే సర్టిఫికెట్ ఏదని అడిగారట. "బొగ్గు తవ్వే సర్టిఫికెట్ ఉందన్నా" అని నవ్వాడు.

సృజనాత్మక పరిశ్రమలు అనే మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం 2016లో ఇమేజ్ పాలసీ తెచ్చింది. యానిమేషన్, గేమింగ్, విజువల్ ఎఫెక్ట్స్, వినోదం దాని కిందికి వస్తాయి. రావాల్సిందే. కానీ కంప్యూటర్ ముందు కూర్చునే కళకి పాలసీ, లక్క దిమ్మ ముందు కూర్చునే కళకి శాలువా. ఆ శాలువాతో ఏమవుతుందో కూడా మనం చూశాం. కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య భీమ్లానాయక్ పాటతో రాష్ట్రమంతా మోగాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన దినకూలీగా పనిచేస్తున్న దృశ్యాలు వార్తలయ్యాయి. బలగం సినిమా చివర్లో మనల్ని ఏడిపించిన పస్తం మొగిలయ్య కిడ్నీ జబ్బుతో, వైద్యానికి సాయం కోసం చూస్తూ, 2024 డిసెంబర్‌లో పోయాడు. ఆ సినిమా మీద నేనూ రివ్యూ రాశాను. క్లైమాక్స్ పాటను తెగ పొగిడాను. ఆ పాట పాడే విద్యకు నెల జీతం ఎందుకు లేదని ఒక్క వాక్యం రాయలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. కళను కాలేజీలోకి తేవడమంటే కులవృత్తిని మళ్లీ పిల్లల మెడకు కట్టడం కాదా? చిందు మాదిగల చేతిలో ఉంది, ఒగ్గుకథ గొల్ల కురుమల చేతిలో, ఇత్తడి పని విశ్వకర్మల చేతిలో. వాళ్ల పిల్లలు ఎంతో కష్టపడి సాఫ్ట్‌వేర్‌లోకి వస్తుంటే నువ్వు వెనక్కి పొమ్మంటావా అని నా రూమ్మేటే అడిగాడు. వాడి తాత చిందు ఆడేవాడు. వాడికి ఆ మాట అడిగే హక్కు ఉంది.

చరిత్రలోనూ ఈ భయానికి కారణముంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన పథకంలో పిల్లలకి బడి కొద్దిగంటలే. మిగతా పొద్దు ఇంటి దగ్గర తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. అది కులవిద్యా పథకమని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడాదే పోయింది. పోవాల్సిందే. అందులో కుమ్మరి పిల్లవాడికి ఉన్న ఒక్క చదువులోనే సగం కోశారు. వకీలు కొడుక్కి మాత్రం కుండ చేయడం నేర్పమని ఎవరూ అనలేదు.

నేను అడుగుతున్నది దానికి తలకిందులు. ఉన్న చదువులో రవ్వంత కూడా కోయొద్దు, దాని పక్కన ఇంకోటి పెట్టండి. ఆ సీట్లలో ఎవరైనా కూర్చోవచ్చు. పెంబర్తి కుర్రాడు కావాలంటే ఫిజిక్స్ మాత్రమే చదువుకుని వెళ్లిపోవచ్చు. మా కోడలు ఇత్తడి రేకు కొట్టొచ్చు. కులం దగ్గర ఆగిపోయిన విద్య ఫీజు కట్టిన ప్రతివాళ్లకీ దక్కాలి, నేర్పినవాళ్లకి గౌరవంగా జీతం దక్కాలి. రూమ్మేట్‌తో ఇదే అన్నాను. "జీతం మాట రాతపూర్వకంగా ఉంటే అప్పుడు ఆలోచిస్తా" అన్నాడు. న్యాయమే.

రాతపూర్వకంగా కూడా సగం ఉంది, అదీ నా కోపం. 2022లోనే యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఇంకో మార్గదర్శకం ఇచ్చింది. వృత్తిలో పదిహేనేళ్ల అనుభవం, పేరు ఉంటే చాలు, డిగ్రీ లేకపోయినా పాఠం చెప్పొచ్చు. మంజూరైన పోస్టులకు అదనంగా, వాటి సంఖ్యలో పది శాతం దాకా అలాంటివాళ్లను పెట్టుకోవచ్చు. ఆ తర్వాత స్థానిక కళాకారుల్ని కాలేజీలకు అనుబంధంగా పెట్టుకోవచ్చని కూడా చెప్పారు. మనం ఆ పోస్టు పేరు వినగానే ఎవర్ని ఊహించుకుంటాం? రిటైరైన కంపెనీ వైస్ ప్రెసిడెంటుని. జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో గడ్డం సమ్మయ్య ఉన్నారు. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకు ఆ కుర్చీ వేయడానికి ఏ రూలు అడ్డం? మన విశ్వవిద్యాలయాల్లో జానపద కళాకారుడి మీద పరిశోధన చేసిన వాళ్లు ప్రొఫెసర్లవుతారు. కళాకారుడు మాత్రం అనుబంధంలో ఫొటోగా మిగిలిపోతాడు.

కాబట్టి పెద్ద పెద్ద భవనాలు అడగట్లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. సాయంత్రం ఐదు తర్వాత ఆ గదులు ఖాళీ. వేళలు తగలకూడదన్న రూలుకి అంతకంటే మంచి జవాబు లేదు. జనగామలో ఇత్తడి, చిందు, ఒగ్గు. మానుకోటలో బంజారా కుట్టు, పాట. భూపాలపల్లిలో కెమెరా, ఎడిటింగ్, జానపద గానం. నేర్పేవాళ్లకి ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ జీతం. పరీక్షంటే రికార్డు బుక్ కాదు, చేసి చూపించడం. చేతిలో విద్యతో వచ్చినవాడికి మొదటి రోజే కొన్ని క్రెడిట్లు. చదువు పూర్తయ్యాక ఇచ్చే పట్టా మీద బీటెక్ పట్టా మీద ఉండేటంత పెద్ద ముద్ర.

దీంతో అందరికీ ఉద్యోగాలొస్తాయా అంటే రావు. బీటెక్‌తోనూ అందరికీ రావట్లేదు, ఆ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు. కానీ ఒకడి దగ్గర ఉన్న విద్యకి పేరు పెట్టి, లెక్కలోకి తీసుకుని, దాని మీద జీతం, అప్పు, ఉద్యోగం అడిగే హక్కు ఇవ్వడం చిన్న విషయం కాదు. డిగ్రీ చేసే పని అదే. ఇంతకాలం ఆ పని మనలాంటి వాళ్లకే చేసిపెట్టింది.

కోడలు సీఎస్‌ఈలో చేరిపోయింది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు, నేను తప్పు సలహా ఇచ్చానని చెప్పాను. "ఇప్పుడు చెప్తే ఏం లాభం మామా, ఫీజు గట్టేసినం గదా" అంది. మరుసటి రోజు దాన్ని బండెక్కించుకుని పెంబర్తి తీసుకెళ్లాను. నా క్లాస్‌మేట్ మొదట మొహమాటపడ్డాడు, తర్వాత నెలకి ఇంత అని మాట్లాడుకున్నాం. సెలవులొచ్చినప్పుడల్లా వెళ్తోంది. మొన్న వాట్సాప్‌లో ఫొటో పంపింది, ఒక ఆకు, అంచులు ఇంకా వంకరగానే ఉన్నాయి. కింద రాసింది: "దీనికి ఎన్ని క్రెడిట్లు మామా?"

ఇంకా జవాబు రాయలేదు.