‘మాబ్’ అను మాట

ఆంగ్లమున ‘మాబ్’ అను చిన్నమాట యొకటి కలదు. మన పత్రికలు దానిని ‘అల్లరిమూక’ యని తెనిగించుచుండును. ‘చంచలులగు సామాన్యజనులు’ అను నర్థముగల ‘మొబిలే వుల్గుస్’ అను లాటిను పలుకును కుదించి పదునేడవ శతాబ్దిలో ఆంగ్లేయులు దీనిని పుట్టించిరి. 1710లో స్విఫ్టు మహాశయు డీ కుదింపును నిరసించెను. ఆయన నిరసన భాషను గూర్చినది. మన యాక్షేపణ న్యాయమును గూర్చినది. సామాన్యులు గుమిగూడినచో చపలులే యను తీర్పు ఆ మాటతో పాటే పుట్టినది.

బరంపురమున గోసాని నువాగాము మొదలగు పేటల నెరిగినవారికి ఈ తీర్పెంత తొందరపాటో తెలియును. ఆ నగరమున రెండేండ్ల కొకసారి బూఢీ ఠాకురాణీ యాత్ర జరుగును. నేతవారి కులపెద్దయగు దేశిబెహరా ఇంటి యాడపడుచుగా భావించి అమ్మవారిని పుట్టింటికి గొనివత్తురు. తెలుగువారును ఒడియావారును వేషములతో, వాద్యములతో వీధులు క్రిక్కిరియ నడతురు. దూరమునుండి చూచువాడు మూక యనవచ్చును. కాని సంఖ్యయు సందడియు నేరములు కావు.

చట్టమును తొందరపడలేదు. అయిదుగురో అంతకెక్కువమందియో గుమిగూడిన మాత్రమున చాలదు. చట్టము పేర్కొనిన యక్రమోద్దేశ మొకటి వారందరకు నుండవలెనని 1860 నాటి శిక్షాస్మృతి 141వ సెక్షను విధించెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షనున నదే నియమము. నిందితులును బాధితులును పెక్కుమందియైనచోట, ఇద్దరు ముగ్గురు సాక్షు లేకరీతిగా చెప్పినగాని శిక్ష నిలువరాదను పరీక్షను సుప్రీంకోర్టు 1964లో మసాల్టీ కేసున నామోదించినది.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహారదీక్షయందు అసువులు బాయగా ఆంధ్రదేశమున జనులు వీధులకెక్కిరి. వారిలో శోకించినవారు కలరు. రైళ్ల నాపినవారు కలరు. ఆస్తులను ధ్వంసము చేసినవారును కలరు. పోలీసు కాల్పులలో కొందరు మరణించిరి. నాలుగు దినములలో నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రమును ప్రకటించిరి. కోరిక న్యాయ్యమైనందున దోపిడి న్యాయ్యము కాదు. కాని అందరకు నొకే పేరు పెట్టినచో, గుండు తగిలినవా డెవడు, వా డేమి చేసెను అని యడుగువా రుండరు.

ఈ మాటకు రెండవ దోషము గూడ కలదు. నిరపరాధిని నేరస్థులలో కలుపునట్లే నేరస్థుని నిరపరాధులలో దాచును. ‘మూక చంపినది’ అని వ్రాసినచో చంపినవాడెవడును లేడన్నమాట! కర్రయెత్తిన ప్రతి చేతికిని ఒక పేరున్నది. ఇట్టి హత్యల నరికట్టుటకు జిల్లాకొక పోలీసు అధికారిని నియమింపవలెనని సుప్రీంకోర్టు 2018 జూలైలో ఆదేశించినది. కుల, భాషాది కారణములచే అయిదుగురో అంతకెక్కువమందియో కలిసి హత్యచేసినచో, ఆ గుంపులోని ప్రతివానికిని మరణశిక్షగాని యావజ్జీవశిక్షగాని తప్పదని న్యాయ సంహిత 103వ సెక్షను చెప్పుచున్నది. అందును ‘మాబ్’ అను మాట లేదు.

వకాలతు పట్టువారును, వార్తలు వ్రాయువారును, నివేదికలపై సంతకములు చేయువారును మన చదువరులలో పెక్కండ్రు. వారికి మా విన్నపమొక్కటే: ముందు ఎవరు, ఏమి, ఎచ్చట చేసిరో వ్రాయుడు. పిమ్మట పేరు పెట్టుడు. అంతవరకు వారు జనులే.