వీడియో విద్యకు పుస్తకమేల?

గత వార్షికోత్సవమునకు మన కళాశాల పేరును తెలుగులోను, ఉర్దూలోను తెరపై కదలించి చూపవలెనని ఒక విద్యార్థి పూనుకొనెను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అను సాఫ్ట్‌వేరులో అతని చేయి చురుకైనదే. కాని తెలుగు ఒత్తులు అక్షరములను విడిచి పక్కన నిలిచినవి. ఉర్దూ అక్షరములు ఒకదానితో నొకటి కలియక తారుమారైనవి. అతడు చూచి నేర్చిన వీడియో పాఠములన్నియు ఆంగ్లాక్షరములతో చేసినవి. రెండు రాత్రులు వెదకినను దారి దొరకలేదు. తుదకు అతనిని చెంత కూర్చుండబెట్టుకొని, ఆ సాఫ్ట్‌వేరు మాన్యువల్‌లో అక్షరములను గూర్చిన అధ్యాయమును మొదటి నుండి చదివితిమి. దక్షిణాసియా, మధ్యప్రాచ్య లిపులకు వేరొక అమరిక కలదని అందు వ్రాసియున్నది. పిమ్మట పని పది నిమిషములలో ముగిసినది. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు అదియే కారణము.

నేడు వీడియో కూర్పు ఒక జీవనోపాధి. మన విద్యార్థులు కొందరు సాయంకాలములందు నికాహ్, వలీమా వీడియోలు కూర్చి ఫీజులు కట్టుకొనుచున్నారు. వారి శ్రమ మాకు గౌరవపాత్రము. చూచి నేర్చుటయు విద్యయే. అయితే ఏ మీట నొక్కవలెనో చూచినవానికి తెలియును. ఏల నొక్కవలెనో తెలియుట అరుదు.

మంచి పుస్తకము ఆ ‘ఏల’ను చెప్పును. అడోబ్ వారి ‘క్లాస్‌రూమ్ ఇన్ ఎ బుక్’ వరుసలో ప్రతి పాఠము ఒక చిన్న పని, చివర ప్రశ్నలుండును. క్రిస్ మేయర్, ట్రిష్ మేయర్ దంపతులు 2000లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌పై వెలువరించిన గ్రంథము మరింత లోతైనది. కీఫ్రేమ్ సంగతియే చూడుడు. అక్షరము ఎచ్చట మొదలై ఎచ్చట ఆగవలెనో మనము చెప్పిన, నడుమ చిత్రములను కంప్యూటరే నింపును. కాని ఒకే వేగముతో కదలి తటాలున ఆగినది నిర్జీవముగా తోచును. మెల్లగా బయలుదేరి మెల్లగా ఆగవలెనను ఈ సూత్రమును డిస్నీ చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లోనే తమ గ్రంథమున వివరించిరి. అప్పటికి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పుట్టనే లేదు. అది 1993లో వచ్చినది.

సాఫ్ట్‌వేరు ఏటేట మారును గదా, పుస్తకము పాతబడదా అని కొందరందురు. మీటల సంగతి చెప్పు పుటలు పాతబడును, నిజమే. కాని వాల్టర్ మర్చ్ 1988లో చేసిన ఉపన్యాసము నుండి రూపొందిన ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ ఏన్ ఐ’ పాతబడలేదు. దృశ్యమును ఎచ్చట కోయవలెనో నిర్ణయించుటకు ఆయన ఆరు ప్రమాణములు చెప్పి, భావమునకు 51 శాతము, కథకు 23 శాతము ప్రాధాన్యమిచ్చెను. ఫిల్మును కత్తిరించి అతికించిన ఆ చేతులే ‘కోల్డ్ మౌంటెన్’ (2003) చిత్రమును ఫైనల్ కట్ ప్రో అను సాఫ్ట్‌వేరుపై కూర్చినవి. పనిముట్టు మారినది, వివేకము మారలేదు. రుఖ్సతీ వేళ తండ్రి కన్ను చెమర్చినప్పుడు ఆ ముఖముపై నక్షత్రములు, హృదయపు బొమ్మలు చల్లు మన కుర్రవాడు ఈ పుస్తకము చదివిన, ఆ ముఖమును మరి రెండు క్షణములు ఊరక నిలుపును.

ఇవన్నియు ఆంగ్ల గ్రంథములు. తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివినవారు జంకుట సహజమే. ముగ్గురు కలిసి కూర్చుండుడు: ఒకరు చదువుడు, ఒకరు చేయుడు, ఒకరు అర్థములు వ్రాసికొనుడు. వారమునకు పది పుటలు చాలును.

కమిటీ పెద్దలకు మా విన్నపములు మూడు. గ్రంథాలయమున ఈ పుస్తకములకు ఒక అర కేటాయింపుడు. ఆ అర చెంతనే ఒక కంప్యూటరు నుంచుడు. పుస్తకము ఒకచోట, యంత్రము ఒకచోట నున్న ఈ విద్య రాదు. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఒక చిన్న పదకోశము కూర్చుటకు అనుమతింపుడు. ఆ భారమును మేము సంతోషముతో వహింతుము. వచ్చు వార్షికోత్సవమునకు కళాశాల పేరు రెండు లిపులలోను తప్పు లేక తెరపై నిలుచునని ఆశింతుము.